బ్రేకు ఆయిలు నూనె కాదు

ఎద్దుబండ్ల కాలమున మన కనుమదారులలో దిగుడు వచ్చినప్పుడు బండివాడు తానే క్రిందికి దిగి, కాడి నొడిసి పట్టుకొని, ఎద్దులను అదలించుచు బండిని మెల్లగా దింపెడివాడు. ఆ బండికి బ్రేకు ఎద్దుల మెడయు, బండివాని భుజమును. వానిలో ఏది యలసినను అతనికి తక్షణమే తెలిసెడిది. నేడు మదనపల్లె టమాటయైనను, చిత్తూరు తోతాపురి మామిడియైనను చిన్న గూడ్సుబండిలోనే పోవుచున్నది. 2005లో టాటా ఏస్ వచ్చిన పిదప ఇట్టి బండి లేని పల్లె మన సీమలో అరుదు. ఈ బండిని ఆపునది ఎద్దు మెడ కాదు. సన్నని యినుపగొట్టములలో కదలక నిలిచియుండు కొద్దిపాటి ద్రవము. అది యలసిపోయినను డ్రైవరునకు తెలియదు. తెలియు వేళకు మలుపు ముందుండును.

ఆ ద్రవమును గూర్చియే ఈ నాలుగు మాటలు వ్రాయబూనితిని. ఎరువు, విత్తనము, అప్పు, ఈ మూడును దాటి సంఘమునకు పని లేదని మనలో పలువురు తలంచుచున్నారు. సభ్యుల బండ్లలో బ్రేకు ద్రవమును రెండేండ్ల కొకమాఱు మార్పించుట కూడ సంఘము పనియే యని నా యభిప్రాయము. దీనిని మెకానిక్కునకు విడిచి మనము చేతులు ముడుచుకొని కూర్చుండుట తగదు. ఎందుకు తగదో చెప్పెదను.

మొదటి చిక్కు పేరులోనే యున్నది. మనవారందఱును దీనిని బ్రేకు ఆయిలు అందురు. ఆయిలు అనిన నూనె గదా యని, డబ్బాలో మట్టము తగ్గినప్పుడు చేతికందిన ఇంజను ఆయిలును, గేరు ఆయిలును పోయువారు కలరు. ఈ పేరునకు కారణము లేకపోలేదు. తొలినాళ్లలో, అనగా 1921లో అమెరికాలో డ్యూసెన్‌బర్గు అను కారునకు నాలుగు చక్రములకును ద్రవపు బ్రేకులు అమర్చిన కాలమునకు తరువాత చాల యేండ్ల వఱకు, ఈ గొట్టములలో పోసెడి ద్రవమునందు ఆముదమే ముఖ్యమైన పాలు. ఆముదమునకు సారాయి జాతి ద్రవమును కలిపి పలుచన చేసి వాడెడివారు. మన రాయలసీమ మెట్టలలో పండు ఆముదమే అని తలంచిన కొంత గర్వము కలుగుట సహజము. ఆ కాలము పోయినది. ఇప్పటి బండ్లలో ఉండునది గ్లైకాలు జాతి రసాయనము. అది నూనె కాదు. నమ్మనివారు ఒక గాజుగ్లాసులో నీళ్లు పోసి, అందులో రెండు చుక్కలు బ్రేకు ద్రవము, మఱియొక గ్లాసులో రెండు చుక్కలు ఇంజను ఆయిలు వేసి చూడవచ్చును. మొదటిది నీటిలో కలిసిపోవును. రెండవది పైకి తేలును. పరీక్ష ముగిసిన పిమ్మట ఆ గ్లాసులను వంటింటిలోనికి తీసికొనిపోరాదు.

ఈ తేడా వలన కలుగు నష్టము చిన్నది కాదు. బ్రేకు సిలిండరులలోని రబ్బరు కప్పులు గ్లైకాలునకు తగినట్లు చేయబడినవి. వానికి ఇంజను ఆయిలు తగిలినచో అవి ఉబ్బి, మెత్తబడి, సిలిండరులో ఇఱుకుకొనును. అప్పుడు ద్రవమును పాఱబోసి క్రొత్తది పోసినంత మాత్రమున పని తీఱదు. మాస్టరు సిలిండరు మొదలు చక్రముల సిలిండరుల వఱకు రబ్బరులన్నియు మార్పించి, గొట్టములు కడిగింపవలయును. నూఱు రూపాయలు మిగిలినవనుకొన్నవానికి వేల రూపాయలు పోవును. అదియు దారిలో ప్రాణము దక్కినప్పటి మాట.

ఇక ద్రవము చక్రము నెట్లు ఆపుచున్నది? 17వ శతాబ్దమున ఫ్రాన్సు దేశస్థుడైన పాస్కలు అను పండితుడు ఒక నియమమును కనుగొనెను. మూసియున్న పాత్రలోని ద్రవమును ఒకచోట నొక్కినచో, ఆ ఒత్తిడి తగ్గక అన్నివైపులకును సమానముగా పోవును. బళ్లో చదువుకొన్న పిల్లలు దీనిని ఎఱుగుదురు. డ్రైవరు పెడలును త్రొక్కగానే మాస్టరు సిలిండరులో ద్రవము ఒత్తబడును. ఆ ఒత్తిడి గొట్టముల వెంట పోయి నాలుగు చక్రములవద్దను బ్రేకు షూలను డ్రమ్ముల కదుమును, లేక ప్యాడులను డిస్కునకు బిగించును. ద్రవము నొక్కిన కుంచించుకొనిపోదు గనుక ఇది సాధ్యమగుచున్నది. గాలి అట్లు కాదు; నొక్కిన కుంచించుకొనును. గొట్టములలో గాలి చేరినచో డ్రైవరు త్రొక్కిన బలము గాలిని కుంచించుటకే చాలిపోవును, చక్రమునకు అందదు. దీనిని మన రైతులకు విడమరచి చెప్పనక్కఱలేదు. బావి మోటారునకు ఎయిరు పట్టినప్పుడు మోటారు తిరుగుచునే యుండును, నీరు రాదు. అప్పుడు గొట్టము నిండ నీళ్లు పోసి గాలిని వెడలించి మరల నడిపింతుము. బ్రేకునకు ఎయిరు పట్టుటయు అట్టిదే. దానిని వెడలించుటయే బ్లీడింగు. మోటారునకు ఎయిరు పట్టిన ఒక తడి తప్పును. ఇది అంతటితో పోదు.

గాలి ఒక శత్రువైన నీరు రెండవ శత్రువు, మొదటిదానికంటె గుట్టుగా పనిచేయునది. యూరియా బస్తాను విప్పి వానకాలములో మూతి కట్టక యుంచిన ఏమగునో మీరెఱుగుదురు. గాలిలోని తేమను పీల్చి గడ్డకట్టును. గ్లైకాలు ద్రవమును అట్లే తేమను పీల్చును. మూత బిగించియున్నను రబ్బరు గొట్టముల గుండ, డబ్బామూత నెఱ్ఱెలగుండ కొంచెము కొంచెముగా తేమ లోనికి చేరుచునే యుండును. దానిని ఎవరును ఆపలేరు. ఎంత చేరిన ఎంత కీడు అనునది లెక్కకు అందిన విషయమే. డబ్బాలమీద డాట్ 3, డాట్ 4 అని అచ్చు వేసియుండును. డాట్ అనునది అమెరికా దేశపు రవాణాశాఖ పేరులోని పొడి అక్షరములు. ఆ శాఖ విధించిన కొలతలే ఇప్పుడు లోకమంతట చెల్లుచున్నవి. డాట్ 3 ద్రవము క్రొత్తగా నున్నప్పుడు 205 డిగ్రీల సెంటిగ్రేడు వఱకు మరగకూడదు. అందులో నూటికి 3.7 పాళ్లు నీరు చేరిన పిదప 140 డిగ్రీలకే మరగుటకు అవకాశము గలదు. డాట్ 4నకు ఈ అంకెలు 230, 155. డబ్బా విప్పిన నాటికిని, నీరు పీల్చిన నాటికిని ఎంత దూరమున్నదో చూడుడు. నూటికి నాలుగు పాళ్లయినను నిండని నీరు, మరగుస్థానమును 65 లేక 75 డిగ్రీలు దిగలాగుచున్నది.

మరగిన నేమి? మరగినచోట ఆవిరి పుట్టును. ఆవిరి గాలివంటిదే, నొక్కిన కుంచించుకొనును. పెడలు నేలదాక పోవును, బండి ఆగదు. ఇందులో మిక్కిలి మోసకరమైన సంగతి ఒకటి గలదు. అరగంట నిలిపియుంచిన బ్రేకులు చల్లారి ఆవిరి తిరిగి నీరగును. పెడలు మునుపటివలె గట్టిపడును. మెకానిక్కు వచ్చి త్రొక్కి చూచి ‘బ్రేకు బాగుగనే యున్నది, నీవు భయపడితివి’ యనును. డ్రైవరు అబద్ధమాడలేదు, మెకానిక్కు అబద్ధమాడలేదు. ఇద్దఱి నడుమ నిజము ఆఱిపోయినది.

మైదానపు ఊళ్లలో ఇది పదేండ్లు బయటపడకపోవచ్చును. మనది అట్టి సీమ కాదు. మదనపల్లె సముద్రమట్టమునకు సుమారు 700 మీటర్ల యెత్తున నున్నది. తిరుపతి సుమారు 160 మీటర్ల యెత్తున. పీలేరు మీదుగా భాకరాపేట కనుమ దిగి తిరుపతి చేరు బండి దారి పొడవున 540 మీటర్లు క్రిందికి దిగవలసినదే. బండియు సరకును కలిసి 1500 కిలోలనుకొందము. ఆ బరువు అంత యెత్తునుండి దిగుటలో వెలువడు శక్తి యంతయు వేడిగా మాఱినచో 27 లీటర్ల చల్లని నీటిని సలసల క్రాగునట్లు చేయుటకు చాలును, ఇంచుమించు రెండు బిందెలు. ఇందులో కొంత ఇంజనునకు, కొంత గాలికి, చక్రముల రాపిడికి పోవును. ఒకే కనుమలో అంత దిగుడును లేదు. కాని గేరు తప్పించి బ్రేకుమీదనే బండిని వ్రేలాడదీయు డ్రైవరు ఆ వేడిలో పెద్దపాలు తన బ్రేకులకే పెట్టుచున్నాడు.

ఈ అలవాటును గూర్చి ఒక్కమాట చెప్పక పోజాలను. డీసెలు మిగులునని దిగుడులో న్యూట్రలులో వదలువారు, ఇంకను సాహసులు ఇంజనునే ఆపివేయువారు మనలో కలరు. వారు మిగిల్చునది కొన్ని రూపాయల డీసెలు. ఇంజను ఆగిన పిదప బ్రేకునకు తోడ్పడు వాక్యూము బలము రెండు మూడు త్రొక్కులతో తీఱిపోవును. పిమ్మట పెడలు రాయివలె గట్టిపడి కాలికి లొంగదు. ఏ గేరులో ఎక్కితివో ఆ గేరులోనే దిగుమని పాత లారీ డ్రైవర్లు చెప్పు మాటకు మించిన బోధ లేదు. తిరుమల కనుమలో 1944లో వేసిన మొదటి దారి నేడు దిగుటకు వాడబడుచున్నది. 1974లో వేసినది ఎక్కుటకు. దిగుదారిలో 36 మలుపులు గలవు. బండ్లు మఱీ వేగముగా దిగకుండుటకై అచ్చట కాలపరిమితియు పెట్టిరి. మన భాకరాపేట కనుమలోను, మొగిలి కనుమలోను అట్టి కావలి లేదు. మన బుద్ధియే మనకు కావలి.

2022 మార్చి 26 రాత్రి భాకరాపేట కనుమలో పెండ్లి నిశ్చయమునకు వచ్చుచున్నవారి బస్సు లోయలో పడి పలువురు మృతినొందిరి. ఆ సంవత్సరమే డిసెంబరులో పూతలపట్టు మండలమున పెండ్లివారి ట్రాక్టరు బోల్తాపడి మరికొన్ని ఇండ్లలో దీపము లాఱెను. వీనికి బ్రేకు ద్రవమే కారణమని నేననుట లేదు. ఆ నిర్ణయము విచారించినవారిది. కాని అట్టి వార్త వచ్చిన వారము దినములు మనమందఱము డ్రైవరును, దారిని, అధికారులను నిందించి ఊరకుందుము. మన వాకిట నిలిచియున్న బండి డబ్బామూత తీసి చూచినవా రెందఱు?

ఇప్పుడు ఆక్షేపణలకు వత్తును. ‘బ్రేకు చక్కగా పట్టుచున్నది, ఇంకెందుకు మార్చుట?’ అను మాట తఱచుగా వినబడును. ఊరిలో చల్లగా నున్నప్పుడు బ్రేకు పట్టుట దిగుడులో వేడెక్కినప్పుడు పట్టునని చెప్పు సాక్ష్యము కాదు. పైన చెప్పినదంతయు ఇందుకే. రంగు చూచి తెలిసికొందు మనువారు కలరు. క్రొత్తది లేత పసుపువన్నెగనో, నీటివలెనో యుండును. పాతది కాఫీ డికాక్షనువలె నగును. అట్లు నల్లబడినచో మార్చవలసినదే, సందేహము లేదు. కాని రంగు చెడకయే నీరు పీల్చిన ద్రవమును ఉండవచ్చును. అందుచేత రంగు కంటె కాలమే మేలైన కొలత, సామాన్యముగా రెండేండ్లు. బండితో వచ్చిన పుస్తకములో వేఱు గడువు వ్రాసియున్నచో దానినే పాటింపవలెను.

రెండవ ఆక్షేపణ: ‘మెకానిక్కు చేయుచున్నాడు గదా.’ మంచి పనివారు కలరు. వారికి నా నమస్కారము. కాని పెడలు మెత్తబడినదని తీసికొనిపోయిన బండికి పలుచోట్ల జరుగునది గాలి తీయుట మాత్రమే, ద్రవము మార్చుట కాదు. గాలితో పాటు సీసాలోనికి దిగిన పాత ద్రవమునే తిరిగి డబ్బాలో పోయుటయు నేను ఒకటికి రెండుచోట్ల కన్నులార చూచితిని. అడిగిన ‘పాఱబోయుటకు మనసొప్పలేదు’ అను జవాబు వచ్చును. అన్నము పాఱబోయుటకు మనసొప్పకుండుట గుణము; ఇది అన్నము కాదు. రైతు దగ్గఱ నిలిచి, పని యెట్లు జరుగవలెనో తెలిసి, ‘ఆ సీసాలోనిది వద్దు, క్రొత్తది విప్పుము’ అని చెప్పగలిగిన చాలును. అందుకైనను పనిని తెలిసికొనవలెను.

పని యిట్లుండును. బండిని సమతలముమీద నిలిపి, ఇంజను ఆపి, చక్రములకు ముందును వెనుకను రాళ్లో దిమ్మెలో అడ్డుపెట్టవలెను. చక్రము ఎత్తవలసివచ్చిన జాకీ నొక్కదానినే నమ్మి క్రింద దూరరాదు. గట్టి దిమ్మెలు వేయవలెను. డబ్బామూత విప్పకముందే దాని చుట్టును దుమ్ము లేకుండ గుడ్డతో తుడువవలెను, ఏలయన ఒక్క ఇసుకరేణువు రబ్బరు కప్పును గీయగలదు. మూతమీద ఏ డాట్ అని వ్రాసియున్నదో చదువవలెను. డాట్ 3 అనియున్నచోట డాట్ 4 పోయవచ్చును. డాట్ 4 అనియున్నచోట డాట్ 3 పోయరాదు. డాట్ 5 అనునది వేఱు జాతి, సిలికానుతో చేయబడినది. మన బండ్లలోని ద్రవముతో కలియదు, దానిని తాకవద్దు. పిచికారితో, అనగా మందు సూదివేయు పెద్ద సిరంజితో, డబ్బాలోని పాత ద్రవమును పీల్చి తీసి, క్రొత్తది పై గీత వఱకు పోయవలెను.

ఈ పనికి ఇద్దఱు కావలెను. ఒకరు పెడలు దగ్గఱ, ఒకరు చక్రము దగ్గఱ. మాస్టరు సిలిండరునకు అన్నిటికంటె దూరముగా నున్న చక్రముతో మొదలుపెట్టుట వాడుక. మన దేశమున కుడిచేతివైపు స్టీరింగు గల బండ్లలో అది తఱచుగా ఎడమవైపు వెనుక చక్రమగును. తయారుచేసినవారి పుస్తకము వేఱుగా చెప్పినచో అట్లే చేయవలెను. చక్రము లోపలివైపున చిన్న బ్లీడరు నిపిలు ఉండును. దానికి ముందుగా రింగు స్పానరును తగిలించి, పిమ్మట నిపిలు మూతికి తెల్లని ప్లాస్టికు గొట్టమును తొడిగి, ఆ గొట్టపు రెండవ కొన సీసాలో కొంచెము క్రొత్త ద్రవములో మునిగియుండునట్లు పెట్టవలెను. కొన మునిగియుండనిచో గాలి వెనుకకు పీల్చుకొనిపోవును. పెడలు దగ్గఱివాడు మెల్లగా త్రొక్కి పట్టుకొని ‘పట్టితిని’ అనవలెను. క్రిందివాడు నిపిలును పావు చుట్టో అర చుట్టో వదలును. ద్రవము గొట్టములోనికి పాఱును, పెడలు దిగిపోవును. క్రిందివాడు నిపిలు బిగించి ‘వదలుము’ అన్న తరువాతనే పైవాడు కాలు తీయవలెను. ఈ వరుస తప్పినచో తీసిన గాలి కంటె ఎక్కువ గాలి లోనికి పోవును. తొందరపడువానిని పెడలు దగ్గఱ కూర్చుండబెట్టరాదు. పాతబండ్లలో పెడలు నేలదాక పోకుండ దాని క్రింద ఒక చెక్కముక్క పెట్టుట మంచిది. ఎన్నడును పోని చోటికి పోయిన రబ్బరు కప్పులు త్రుప్పు తగిలి చినుగుటకు అవకాశము గలదు.

గొట్టములో బుడగలు ఆగి, నల్లని ద్రవము పోయి, సీసాలోనిదియు డబ్బాలోనిదియు ఒకే రంగుగా కనబడు వఱకు ఇట్లే చేయుచుండవలెను. నాలుగైదు త్రొక్కుల కొకమాఱు డబ్బా చూచి నింపవలెను. డబ్బా ఎండినచో గాలి మరల గొట్టములలోనికి దిగి, చేసిన పని యంతయు వృథా యగును. ఒక చక్రము ముగిసిన తరువాత తక్కిన మూడింటికిని అట్లే చేయవలెను. ఏ.బీ.ఎస్. అను యంత్రము గల బండ్లలో కొన్నిటికి కంపెనీ పనిముట్టు లేకుండ గాలి పూర్తిగా రాదు. వానిని తగిన వర్కుషాపునకు తీసికొనిపోవుటే మేలు.

చివరకు పెడలును గట్టిగా త్రొక్కి ఒక నిమిషము పట్టియుంచవలెను. మెత్తగా, స్పాంజివలె నున్నచో ఇంకను గాలి యున్నది. పట్టియుంచగా మెల్లగా దిగిపోవుచున్నచో ఎచ్చటనో కాఱుచున్నది, లేదా మాస్టరు సిలిండరు కప్పులు అరిగినవి; అది గాలి తీసినంత మాత్రమున నయమగు జబ్బు కాదు. గట్టిగనే యుండి, క్రిందికి దిగిన తరువాతనే పట్టుచు, రెండవమాఱు త్రొక్కిన పైకి వచ్చుచున్నచో డ్రమ్మునకును షూలకును దూరము ఎక్కువైనది, సర్దింపవలెను. డబ్బాలో మట్టము ఊరక తగ్గుచున్నదని నింపి నింపి యూరకుండుటయు ప్రమాదమే. లైనర్లు అరుగుకొలది మట్టము కొంత తగ్గును. అంతకు మించి తగ్గిన చక్రము లోపల తడి యున్నదేమో చూడవలెను. ఇవన్నియు సరిపోయిన పిమ్మట ఖాళీబండిని చదునైన చోట నడకవేగమున నడిపి, ఆపి చూచి, అప్పుడు మాత్రమే లోడు వేయవలెను.

ట్రాక్టరు గలవారు ‘మాకీ బెడద లేదు’ అందురు. నిజమే, మన ఊళ్లలోని ట్రాక్టర్లలో పెక్కింటికి బ్రేకులు ఇనుపకడ్డీలతో పనిచేయును. నూనెలో మునిగిన బ్రేకులు గలవానికి గేరుపెట్టె ఆయిలే చాలును. కాని వారికి వేఱు బెడద గలదు. పొలములో చాలు మలుపుకొఱకు విడదీసిన రెండు పెడళ్లను రోడ్డెక్కునప్పుడు కొక్కెముతో కలుపుట మఱచుదురు. ఒక్క పెడలు త్రొక్కిన ఒక్క చక్రమే పట్టి బండి ప్రక్కకు తిరుగును. మామిడి కాలమున గుజ్జు ఫ్యాక్టరీల వాకిట దినములతరబడి వేచి, నిద్రలేక తిరిగివచ్చు డ్రైవరునకు ఈ కొక్కెము గుఱుతు రాకపోవుట వింత కాదు. విదేశములలో కొండపొలముల రైతులు నాలుగు లావు టైర్ల మోటారుసైకిలువంటి ఏ.టి.వి. అను బండిని వాడుదురు. 1982లో సుజుకీ కంపెనీ నాలుగు చక్రముల మొదటి దానిని తెచ్చెను. బురదలోను వాగులలోను తిరుగు బండి గనుక దాని బ్రేకు ద్రవముమీద వారు మఱింత శ్రద్ధ వహింతురు. మన మోటారుసైకిళ్ల డిస్కుబ్రేకునకు హ్యాండిలుమీద నున్న చిన్న డబ్బాలోనిదియు ఈ ద్రవమే. దానిని మార్చుదురని మనలో చాలమందికి తెలియనే తెలియదు.

ఇక సంఘము చేయవలసినది. సహకారమనిన మొత్తముగా కొని చవుకగా పంచుటయని మనకు నేర్పిరి. ఇచ్చట ఆ పాఠమును కొంచెము తిప్పి చదువవలెను. పెద్ద డబ్బా కొని విప్పి, సభ్యులకు కొలిచి పోసినచో లీటరునకు కొంత మిగులును గాని, విప్పిన నాటినుండి ఆ డబ్బా తేమ పీల్చుచునే యుండును. ఆఖరున పోయించుకొన్న సభ్యునికి క్రొత్తపేరుతో పాతద్రవమే దక్కును. కావున సీలు విప్పని చిన్న సీసాలను మాత్రమే తెప్పించి, తేదీ చూచి, సీసాకు సీసాగా అమ్మవలెను. ఒక చిన్న గూడ్సుబండికి లీటరు లోపుననే సరిపోవును. మిగిలినదానిని వచ్చే ఏటికి దాచరాదు. ఖర్చు కొన్ని వందల రూపాయలు. 2023 జూలైలో టమాట కిలో నూఱు రూపాయలు దాటినప్పుడు పెట్టెలకు రాత్రింబగళ్లు కావలి కాచిన రైతులను మనము చూచితిమి. ఆ పెట్టెలను మోసిన బండి డబ్బామూతను తీసినవారు ఎందఱో నాకు సందేహమే.

ఇది సంఘమునకు సంబంధించని విషయమను కార్యదర్శులకు ఒక మనవి. బండికి అప్పు ఇచ్చినవారము మనము. ఆ బండి లోయలో పడినచో వాయిదా కట్టు చేయియే పోవును. భీమా సొమ్ము అప్పును తీర్పవచ్చును గాని సంసారమును నడుపజాలదు. అప్పు కాగితములలో టైర్లు, రికార్డులు చూచు మనము, ద్రవము మార్చిన తేదీని కూడ ఒక గడిలో వ్రాయించుటకు ఎంత సిరా కావలెను?

ఒక జాగ్రత్త తప్పక చెప్పవలెను. ఈ ద్రవము విషము. ఒక పల్లెలో మిగిలిన ద్రవమును మంచినీళ్ల సీసాలో పోసి కిటికీలో పెట్టియుంచగా చూచితిని. ప్రక్కనే పిల్లలు ఆడుకొనుచుండిరి. లేతపసుపు వన్నెతో పానకమువలె నుండును గనుక పసివారికి ఆశ పుట్టును. ఎన్నడును త్రాగు సీసాలలో పోయరాదు. పశువుల కుడితి తొట్టి దగ్గఱ ఈ పని చేయరాదు. తీసిన పాత ద్రవమును బావిగట్టునను, కాలువలోను, పాదులలోను పాఱబోయక, పేరు వ్రాసిన డబ్బాలో మూత బిగించి వర్కుషాపువారికి అప్పగింపవలెను. చర్మమునకు తగిలిన సబ్బుతో కడుగుకొనవలెను. కంటిలో పడినచో చాలసేపు నీటితో కడిగి వైద్యుని చూడవలెను. బండి రంగుమీద పడినచో తుడిచి యూరకుండక వెంటనే నీళ్లు పోయవలెను, లేనిచో రంగు ఊడివచ్చును.

మామిడికోతలు మొదలగుటకు ముందు, చైత్ర వైశాఖములలో, ప్రతి సంఘమును ఒక ఉదయము దీనికై కేటాయించిన బాగుండును. సంఘము సొమ్ముతో ఒక సిరంజి, రెండు గజముల తెల్ల గొట్టము, నాలుగు గట్టి దిమ్మెలు, ఒక రింగు స్పానర్ల కట్ట కొని గిడ్డంగిలో ఉంచవలెను. ఎఱువు తీసికొనిపోయినవారు తిరిగి తెచ్చి సంతకము పెట్టవలెను. నిపిళ్లకు 8, 10 మిల్లీమీటర్ల స్పానర్లు తఱచుగా సరిపోవును. విప్పు మూతి గల స్పానరు వాడినచో నిపిలు అంచులు అరిగి తిరుగదు, రింగుదే కావలెను. నిపిలు త్రుప్పుపట్టి బిగిసియున్నచో ముందటి దినము సాయంకాలమే త్రుప్పు వదలించు నూనెను బయటివైపున రెండు చుక్కలు వేసి, మఱునాడు ఉదయము తుడిచి, మెల్లగా కదలింపవలెను.